కొమ్మాలు చెయ్యి, యాకయ్య ఫోను

ఇప్పలగూడెం జిల్లా అయి నాలుగేళ్లు నిండాయి. కలెక్టరేటు వచ్చింది, దాని ఎదురుగా మూడు టీ కొట్లు, రెండు జిరాక్సు షాపులు వచ్చాయి. ఉద్యోగాలు మాత్రం రాలేదు. ఏదైనా పెడదామని వచ్చిన పెద్దమనుషులు పని తెలిసినవాళ్లు ఉన్నారా అని అడిగేవారు. లేరని తెలుసుకుని, టీ తాగి వెళ్లిపోయేవారు. పని ఇస్తే కదా తెలిసేది! పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్న సామెత ఈ జిల్లాను చూసే పుట్టిందని యాకయ్య అంటుండేవాడు.

ఆ ముడి విప్పుతానని వచ్చింది డాక్టర్ హైమవతి. పాత ధాన్యం గోదాములో శిక్షణ కేంద్రం తెరిచింది. ఆమె తెచ్చిన యంత్రానికి ఏదో పొడుగాటి పేరుండేది కానీ, జనం దాన్ని తొడుగు అనేవారు. వేలి కొసల నుంచి భుజం దాకా సన్నని తీగలతో అల్లిన చేతి తొడుగు, దానికి తోడు నెత్తిన టోపీ. పని వచ్చినవాడికి తొడిగితే, నలభై రోజుల్లో అతని ఒంటికి తెలిసినదంతా రాసుకునేది. పని రానివాడికి తొడిగితే తొమ్మిది రోజుల్లో ఆ రాతను ఒంట్లోకి దించేది.

మొదటి విడతకు ఎంచుకున్న పని కరెంటు లైన్‌మన్‌ది. కొత్త జిల్లాలో కొత్త సబ్‌స్టేషన్లు కడుతున్నారు, ఇరవై రెండు మంది కావాలన్నారు. నేర్పడానికి కొమ్మాలును పిలిచారు. ముప్పై రెండేళ్లు స్తంభాలెక్కి, ఒక్క షాకు కూడా తినకుండా రిటైరైన మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. కొమ్మాలు సరేనన్నాడు, ఒక్క షరతు పెట్టాడు.

"ఫోన్ల యాకయ్య ఉండాలె మేడం. ఆయన లేకుంటె నా చెయ్యి కదలది."

హైమవతి నవ్వి ఒప్పుకుంది. అందరికీ ముచ్చటేసింది. అలా పోయినేడు సబ్‌స్టేషన్ ఆపరేటరుగా రిటైరైన యాకయ్య మళ్లీ ఫోను ముందు కూర్చున్నాడు. గోదాము వెనక ఆవరణలో పది స్తంభాలు పాతారు. పక్కన చిన్న గది కట్టి, అందులో ఒక స్విచ్చు, ఎర్రదొకటి పచ్చదొకటి రెండు దీపాలు, ఒక ఫోను పెట్టారు. స్తంభం ఎక్కే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఫలానా లైను బంద్ చేయమని అడగాలి. ఆపరేటరు బంద్ చేసి, లైన్ క్లియర్ అన్న అర్థంలో "ఎల్సీ ఇచ్చిన" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే చెయ్యి తీగ మీదికి పోవాలి. పుస్తకంలో ఉన్న పద్ధతి ఇదే.

నలభై రోజులు కొమ్మాలు ఎక్కాడు, దిగాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఇరవై రెండు మంది పిల్లలు వరసగా కుర్చీల్లో కూర్చుంటే వాళ్ల చేతులు వాటంతటవే ఎగిరెగిరి పడ్డాయి. పదో రోజు పొద్దున జాటోతు లలిత మొదటి స్తంభం ఎక్కింది. తండా పిల్ల, ఇరవై రెండేళ్లది, అంతకుముందు నిచ్చెన కూడా ఎక్కి ఎరగదు. పైకి చేరి నడుం బెల్టు బిగించుకుని, ఎడమ అరచేయి తొడకు రుద్దుకుని, అరవై ఏళ్ల మగాడిలా గొంతు సవరించుకుంది. కింద నిలబడ్డవాళ్లంతా పగలబడి నవ్వారు. అచ్చం కొమ్మాలే!

"నాకు ఒక్కపారే ఇరవై రెండు మంది పుట్టిండ్రు తమ్మి," అన్నాడు కొమ్మాలు యాకయ్య చెవిలో. "మీ వదినెకు చెప్పకు."

అతని కళ్లలో నీళ్లు తిరగడం యాకయ్య చూశాడు. తనకూ గర్వంగానే అనిపించింది.

సరిగ్గా వారానికి లలిత చెయ్యి కాలింది.

అప్పటికే వాళ్లను నిజం లైన్ల మీద సాధనకు పంపారు. ఊరి బయట చెరుకుతోట పక్కన లైను మీద కొమ్మ పడింది. లలిత కింది నుంచి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. స్తంభం ఎక్కి రెండోసారి చేసింది. ఈసారి ఎత్తారు. తీగలో మిగిలిన కరెంటును నేలలోకి దించే ఎర్తింగ్ రాడ్డును లలిత తీగ మీద వేసింది. లైనులో కరెంటు ఉంది. భగ్గుమని మంట లేచింది. బెల్టుకు వేలాడుతున్న పిల్లను నలుగురు కలిసి దించారు. ప్రాణం దక్కింది గానీ కుడి చేయి మోచేతి దాకా కాలిపోయింది.

ఫోను ఎత్తిన ఆపరేటరు కొత్తవాడు. "హలో, ఒక్క నిమిషం ఆగండి" అన్నాడట. ఆ మాట ఫోనులో రికార్డయి కూడా ఉంది. అతని తప్పు లేదని తేలింది. ఇక మిగిలింది లలితే. ఆడపిల్ల, తొందరపడిందని ఒకరన్నారు. తొడుగు చెయ్యి ఇచ్చింది కానీ బుద్ధి ఇవ్వలేదు కదా అని ఇంకొకరన్నారు. జాబితాలోంచి ఆమె పేరు కొట్టేయాలని కాగితం కదిలింది.

యాకయ్య, కొమ్మాలు ఆసుపత్రికి వెళ్లారు. మంచం పక్కన లలిత తల్లి కూర్చుని ఉంది. పెద్దవాళ్లను చూసి లేవబోయింది. కొమ్మాలు వద్దన్నాడు.

"ఆయిన ఆగుమంటె ఎందుకు ఆగలేదు బిడ్డా?" అన్నాడు కొమ్మాలు. కోపం లేదు, అర్థంగాక అడిగాడు.

"నాకు తెల్సు సార్, ఆగాలని. పరీక్షల గూడ రాసిన," అంది లలిత. "గని ఆయిన ఫోన్ ఎత్తంగనే నా భయమంత పోయింది. ఇగ ఏం గాదు అనిపించింది. ఆయిన మాట చెవుల పడేలోపే చెయ్యి లేసింది. గది నా చెయ్యి గాదు సార్, నేను ఆపినా ఆగలె."

కొమ్మాలు తల అడ్డంగా ఊపాడు. యాకయ్య మాత్రం అక్కడ ఉండలేక వరండాలోకి వచ్చి గోడను పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకంటే ఆ భయం ఎందుకు పోయిందో లోకంలో తెలిసినవాడు అతనొక్కడే.

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. యాకయ్య కొత్తగా ఆపరేటరైనప్పుడు, పక్క సెక్షన్లో ఒక లైన్‌మన్ చచ్చిపోయాడు. ఆపరేటరు ఫోను ఎత్తి "ఆగు" అన్నాడు. లైను గరగరమంటూ ఆ మాట సరిగా వినిపించలేదు. అంతే. ఆ శవాన్ని చూసి వచ్చిన రోజున యాకయ్య ఒక నియమం పెట్టుకున్నాడు. లైను బంద్ అయ్యేదాకా ఫోను ఎత్తనే కూడదు. మొదటిసారి మోగితే ఎవరు చేశారో చూసుకునేవాడు, ఎవరిది ఏ లైనో అతనికి తెలుసు. లేచి వెళ్లి బంద్ చేసి, బోర్డు తగిలించి వచ్చేవాడు. రెండోసారి మోగినప్పుడే ఎత్తేవాడు. తను ఎత్తాడంటే లైను చచ్చినట్టే. ఇక వినపడినా వినపడకపోయినా ప్రాణం పోదు.

ఇది కొమ్మాలుకు అతను ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నాలుగు నెలలకే కొమ్మాలు మొదటి ఫోను కింది నుంచి చేసి, స్తంభం ఎక్కుతూ, రెండోది పైనుంచి చేయడం మొదలుపెట్టాడు. యాకయ్య ఎత్తడం, కొమ్మాలు చెయ్యి లేవడం ఒక్కసారే జరిగేవి. "ఎల్సీ ఇచ్చిన" అన్న మాట ఆ తర్వాత ఎప్పుడో, మర్యాదకు, పడేది. కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు కొమ్మాలు జేబులో ఇరవై ఏళ్లు ఊరికే పడుంది. తన చెయ్యికి ఈ అలవాటైందని కొమ్మాలుకే తెలియదు.

తొడుగుకు తెలిసింది. యాకయ్య అన్న మనిషి దానికి అక్కర్లేదు. ఫోను ఎత్తితే భయం లేదు, అంతే రాసుకుంది. దాన్ని ఇరవై రెండు ఒళ్లలోకి దించింది.

ప్రాణాలు కాపాడటానికి పెట్టుకున్న నియమం ఆ పిల్ల చెయ్యి కాల్చింది! యాకయ్య ఆ మధ్యాహ్నమే హైమవతి గదికి వెళ్లి అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

హైమవతి పాత రికార్డు తెర మీద పెట్టింది. ఒక గీత పైన వణుకుతూ నడుస్తోంది. అది భయం గీత. ఒకచోట హఠాత్తుగా కిందికి జారిపోయింది.

"ఇదిగో, మీరు ఫోన్ ఎత్తిన క్షణం," అంది. "మాట పడ్డాక జారాల్సింది ముందే జారుతోంది. నలభై రోజులూ ఇది చూశాను యాకయ్య గారూ. అనుభవం అనుకున్నాను. ఎంత ధైర్యం ఈయనకని మురిసిపోయాను కూడా."

మర్నాడు ఆవరణలో తీగల్లోంచి కరెంటు తీసేసి పిల్లలందరినీ పరీక్షించారు. జరిగింది విడమరచి చెప్పి, మాట వినేదాకా చెయ్యి ఎత్తవద్దని మరీ మరీ చెప్పి ఎక్కించారు. యాకయ్య ఫోను ఎత్తి ఊరకున్నాడు. ఒక్కరూ ఆగలేకపోయారు. దిగి వచ్చి తమ చేతుల కేసి చూసుకుంటూ నిలబడ్డారు. ఒక పిల్లవాడైతే తన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

లలిత మీద కదిలిన కాగితం అక్కడితో ఆగింది. కానీ కలెక్టరు ఇంకో మాట అన్నాడు. ఉద్యోగంలో చేరే రోజుకు ఇరవై రోజులుంది, ఈలోగా సరిచేయకపోతే మొత్తం జాబితా రద్దు. రద్దయితే పిల్లలు క్షేమంగా ఇంట్లో కూర్చుంటారా అంటే అదీ లేదు. పక్క జిల్లా కాంట్రాక్టరు అప్పటికే గోదాము గేటు దగ్గర తచ్చాడుతున్నాడు. "చేతిల పనున్నది గదా, కాయితాలెందుకు? రేపే రాండ్రి," అంటున్నాడు. ఎలా చూసినా వాళ్లు స్తంభాలెక్కుతారు. ఎవరో ఒకరు ఫోను ఎత్తి "ఆగండి" అంటారు. ఆ ఊహ వచ్చినప్పటి నుంచి యాకయ్యకు తిన్నది ఒంటబట్టలేదు.

దించిన రాతను చెరపడానికి వీల్లేదు. దాని మీద ఇంకో రాత రాయాలి. అదే చెయ్యి, అదే క్షణం, ఇంకా గట్టిగా రాయాలి. అందుకని మళ్లీ కొమ్మాలుకే తొడుగు తొడిగారు. వేరే ఆపరేటర్లను కూర్చోబెట్టి చూశారు. వాళ్లతో కొమ్మాలు జాగ్రత్తగానే ఉన్నాడు, కానీ అదంతా ఆలోచించి చేసే జాగ్రత్త. ఒంట్లో కొత్త గీత పడలేదు. యాకయ్యను కూర్చోబెట్టి, ఆయన మోసం చేస్తున్నాడనుకోండని కొమ్మాలుకు చెప్పి చూశారు. కొమ్మాలు శాయశక్తులా అనుకున్నాడు. నుదురు చిట్లించాడు, పళ్లు బిగించాడు. యాకయ్య ఫోను ఎత్తగానే గీత హాయిగా జారి పడుకుంది.

"ఏం జెయ్యాలె మేడం, నా ఒళ్లు ఇంటలేదు," అన్నాడు కొమ్మాలు. మాటల్లో నొచ్చుకున్నాడు గానీ ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. "ఇరవై ఆరేండ్ల సంది ఒక్కనాడు తప్పు జెయ్యలె ఈ మనిషి."

ఎనిమిది రోజులు ఇలాగే పోయాయి. ఎనిమిదో రోజు హైమవతి యాకయ్యను పక్కకు పిలిచింది.

"ఆయన ఒళ్లు ఒక్కసారి నిజంగా మోసపోవాలి," అంది నేల చూస్తూ. "మీరు ఫోన్ ఎత్తాలి. తీగలో కరెంటు ఉండాలి. ఆయనకు తెలియకూడదు. కరెంటు నేను తగ్గించి పెడతాను. చచ్చేంత ఉండదు. మరిచిపోయేంత తక్కువా ఉండదు. డాక్టరు పక్కనే ఉంటాడు. ఏ పరీక్షకైనా సరేనని ఆయన మొదట్లోనే సంతకం పెట్టారు. కానీ ఇది... ఇది అడగడానికి నాకు నోరు రావడం లేదు."

"అడగకుండ్రి మేడం," అన్నాడు యాకయ్య. వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఆ మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. బస్టాండు దాకా నడిచేవాడు, ఎందుకొచ్చానా అని వెనక్కి వచ్చేవాడు. టీ చెప్పి తాగకుండా లేచేవాడు. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పడుకోవాలనిపించేది. భార్య సోమలక్ష్మి రెండు రోజులు చూసి మూడో రోజు నిలదీసింది. చెప్పక తప్పలేదు.

"కొమ్మాలన్నకు చెప్పి జెయ్యరాదా?"

"చెప్తె ఒళ్లు మోసపోదు."

"మోసం జెయ్యనీకి నువ్వే దొరికినవా వాళ్లకు?"

"ఇంకెవ్వలు జేసినా ఆయిన మోసపోడే."

సోమలక్ష్మి చేస్తున్న పని వదిలేసి గడపలో కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే కొమ్మాలు వచ్చాడు, సంచి నిండా సీతాఫలాలతో. అన్నం పెట్టమని తనే పీట వాల్చుకున్నాడు. పాలకూర పప్పు రెండుసార్లు కలుపుకున్నాడు.

"తమ్మి, నన్ను మార్చుమని చెప్తున్న మేడంకు," అన్నాడు తింటూ. "ఇంకో లైన్‌మన్‌ను తెచ్చుకోమను. నా వల్ల పిల్లలు ఆగం గావద్దు. నాకు రాత్రిళ్లు నిద్ర వడ్తలేదు. గా లలిత చెయ్యి నా చెయ్యే గదా. నా చెయ్యే కాలినట్టున్నది."

"ఇంకోలతోని గాదన్నా. నీ రాత మీద నీ రాతే పడాలెనట."

"మరెట్ల? పది రోజులే ఉన్నయి. దించనీకే తొమ్మిది రోజులు వడ్తది."

అదే లెక్క యాకయ్య పొద్దుట్నుంచీ వేస్తున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది ప్రాణం. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఎదుట మనిషి మూతికి పప్పు అంటుకుని ఉంది. తన ఇంట్లో, తన పీట మీద, ఏ అనుమానమూ లేకుండా తింటున్నాడు.

"రేపు పొద్దుగాల ఒక్కపారి జూద్దామన్నా," అన్నాడు యాకయ్య. "నాకేదో అయితదనిపిస్తున్నది."

"నువ్వంటె అయితది," అన్నాడు కొమ్మాలు, చెయ్యి కడుక్కుంటూ.

పొద్దున ఎనిమిదింటికి ఆవరణలో ఎండ ఏటవాలుగా పడుతోంది. పిల్లల్ని రానివ్వలేదు. డాక్టరును కొత్త ఇంజినీరని చెప్పి స్తంభం దగ్గర నిలబెట్టారు. కొమ్మాలు తొడుగు వేయించుకుని, టోపీ పెట్టించుకుని, గది కిటికీ కేసి చెయ్యి ఊపాడు. యాకయ్య కూడా ఊపాడు.

ఫోను మొదటిసారి మోగింది. యాకయ్య ఎత్తలేదు. మామూలుగా అయితే ఇప్పుడు లేచి స్విచ్చు దగ్గరికి వెళ్లాలి. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో బల్లను పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా అలా కూర్చోలేదు. లైనులో కరెంటుందని చెప్పే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

కిటికీలోంచి కొమ్మాలు ఎక్కుతూ కనిపించాడు. మోకాలు నొప్పి వల్ల ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతున్నాడు. పైకి చేరాడు. బెల్టు బిగించాడు. ఎడమ అరచేయి తొడకు రుద్దుకున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు.

రెండోసారి మోగింది.

ఎత్తకపోతే? యాకయ్యకు ఆ ఒక్క ఆలోచనే వచ్చింది. ఎత్తకపోతే కొమ్మాలు కాసేపు చూసి దిగివస్తాడు, ఏమైంది తమ్మి అంటాడు, ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఆ తర్వాత ఎక్కడో ఏదో ఊరి బయట ఇంకో పిల్ల ఫోను చేస్తుంది. యాకయ్య ఫోను ఎత్తాడు.

"చెప్పన్నా," అన్నాడు.

గొంతు మామూలుగానే పలికింది. అందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది. కొమ్మాలు ఫోను జేబులో వేసుకున్నాడు. చెయ్యి లేచింది. అరుద్దామంటే అరవచ్చు, అంత వ్యవధి ఉంది. యాకయ్య అరవలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. కొమ్మాలు ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని వెనక్కి విరిగింది. బెల్టు ఆపింది. తల వేలాడింది. డాక్టరూ ఇద్దరు పనివాళ్లూ కలిసి దించేసరికి యాకయ్య గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు, ఒక కాలికి చెప్పు కూడా లేదు.

కొమ్మాలు కళ్లు తెరిచాడు. పెదవులు తడుపుకుని, చుట్టూ ఉన్న ముఖాల్లో యాకయ్య ముఖాన్ని వెతుక్కున్నాడు.

"నీకేం గాలే గదా తమ్మి?" అన్నాడు. "లోపల ఏమన్న పేలిందా? స్విచ్చు కాలిందా? నీ చేతులు జూపియ్యి."

యాకయ్య చేతులు చూపించలేకపోయాడు.

"ఏం పేలలేదన్నా. నేను బంద్ జెయ్యలే. కరెంటుందని తెల్సే ఎత్తిన."

కొమ్మాలుకు మొదట అర్థంకాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఎంతోసేపు తన చెయ్యి కేసే చూసుకున్నాడు. అది తొడుగులో ఇంకా వణుకుతోంది. హైమవతి ఏడుస్తోంది, కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు.

"గీత?" అన్నాడు కొమ్మాలు ఆమెతో.

"దెబ్బ తగలగానే లేచింది, మళ్లీ జారలేదు. నిలబడింది."

"పిల్లలకు పనికొస్తదా?"

"వస్తుంది."

"అయితె మంచిదే," అన్నాడు. లేవబోయాడు. యాకయ్య చెయ్యి అందించాడు. కొమ్మాలు ఆ చేతిని చూశాడు. నేలకు చెయ్యి ఆనించి తనే లేచి, డాక్టరు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు తొడుగులు పనిచేశాయి. పదో రోజున మళ్లీ పరీక్ష పెట్టారు. ఫోను ఎత్తారు, ఒక్క చెయ్యీ లేవలేదు. "ఎల్సీ ఇచ్చిన" అన్నాక కూడా ఎవరూ తొందరపడలేదు. ముందు టెస్టరు పెట్టి చూశారు, ఆ తర్వాతే రాడ్డు వేశారు. కలెక్టరు చప్పట్లు కొట్టాడు. ఇరవై ఒక్క మందికి ఉత్తర్వులు ఇచ్చి, లలితకు నెల గడువిచ్చారు. గేటు దగ్గర కాంట్రాక్టరు మళ్లీ కనిపించలేదు. పేపర్లో జిల్లా పేరు మొదటి పేజీలో పడింది.

పరీక్ష అయ్యాక లలిత యాకయ్య దగ్గరికి వచ్చింది. కుడి చేయి కట్టులో ఉంది. ఎడమ చేతికే తొడుగు వేయించుకుంది.

"సార్, ఇంటికి ఫోన్ జేస్తె మా అమ్మ ఎత్తంగనే గుండె జల్లుమంటది," అంది. "అమ్మ హలో అంటనే ఉంటది, నాకు మాట రాదు. అందరికి గట్లనే అయితాందట. ఇదెన్నడు పోతది సార్?"

"పోవద్దు బిడ్డా," అన్నాడు యాకయ్య.

ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని అతను సాయంత్రం దాకా బాధపడ్డాడు. కానీ ఇంకోలా ఏం చెప్పాలో తోచలేదు. ఇరవై రెండు మంది పిల్లలకు అమ్మ గొంతులో కూడా భయం పెట్టాడు, బతకడం కోసం.

రోజూ సాయంత్రం ఆరింటికి కొమ్మాలు ఫోన్ చేసేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఏం కూర, పొలంలో మోటారు నడిచిందా, ఇవే మాటలు. షాకు తగిలిన రోజు నుంచి చేయలేదు. యాకయ్య ఆరు కాకముందే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మోగేది కాదు. లేచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి, మళ్లీ లోపలికి. రెండుసార్లు తనే చేశాడు. చివరిదాకా మోగి ఆగిపోయింది. ఇంటికి వెళ్దామని చెప్పులేసుకుని, రైలు గేటు దాకా వెళ్లి, ఏ ముఖం పెట్టుకుని వెళ్తానని తిరిగొచ్చాడు.

పన్నెండో రోజు సాయంత్రం వాకిట్లో దగ్గు వినిపించింది. కొమ్మాలు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. రైలు గేటు అవతల నుంచి రెండు కిలోమీటర్లు నడిచొచ్చాడు. అరుగు మీద కూర్చుని మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. సోమలక్ష్మి నీళ్లు తెచ్చిస్తే తాగాడు.

"నువ్వు రెండుమాట్ల ఫోన్ జేసినవ్," అన్నాడు యాకయ్య కేసి చూడకుండా. "మోగింది. చూసిన. ఎత్తలె."

"నా మీద కోపమైతె తిట్టన్నా. కొట్టినా మంచిదే."

"కోపమెందుకు? నువ్వు జేసింది కరెక్టే. నేనైనా గదే జేస్తుంటి." ఖాళీ చెంబు కింద పెట్టాడు. "కోపం గాదు తమ్మి. నీ గొంతింటె చెయ్యి వణుకుతది. మా ఇంటామె ఫోన్ల నీ పేరు జూపిచ్చినా వణుకుతది. ఏం జెయ్యాలె, నా ఒళ్లు ఇంటలేదు."

యాకయ్య చేతిలో ఉన్న ఫోనును అరుగు మీద బోర్లా పెట్టాడు.

"అందుకనే నడిసొచ్చిన. మనిషిని చూసుకుంట మాట్లాడితె జర నయమున్నది," అన్నాడు కొమ్మాలు. "ఇగ ఫోన్లు బంద్. ఏదన్న ఉంటె నేనే వస్త."

"నీ మోకాలు..."

"నొస్తది. నొయ్యనియ్యి."

యాకయ్యకు ఏడుపు ఆగలేదు. వీధిలో జనం పోతున్నారని కూడా చూడకుండా, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. కొమ్మాలు ఓదార్చాలని చెయ్యి చాపబోయాడు. అది సగంలోనే ఆగిపోయింది. దాన్ని తిరిగి మోకాలి మీద పెట్టుకుని, అరుగు ఆ చివర కూర్చుని, యాకయ్య ఏడవడం అయ్యేదాకా ఎదురుచూశాడు.